జల్లెడ పట్టుకుపోయినవాడు

మా గల్లీలో చెప్పుకునే కథ ఇది: నా నోటికి జడిసి నా తమ్ముడు ఇల్లు విడిచి పోయాడు. వాడికి కుదరబోయిన సంబంధాన్ని నేనే చెడగొట్టాను. ఆ పాపం తలకెక్కి, బుద్ధి చెడి, నడివయసులో బార్లు పట్టుకు తిరిగాను.

ఇందులో చివరి ముక్క ఒక్కటే నిజం. బార్లు తిరిగాను. నాంపల్లి నుంచి గచ్చిబౌలి దాకా, ఫ్యాను కింద ఈగలు ముసిరే బారు మొదలు అద్దాల పబ్బు దాకా తిరిగాను. మందు కోసం కాదు, మొగుడి కోసమూ కాదు. గ్లాసు పక్కన ఊరికే పెట్టే శనగల కోసం తిరిగాను. మిగతా రెండు ముక్కలకూ నా దగ్గర జవాబు ఉంది. నిలబడి వినే ఓపిక మా గల్లీకి లేదు కాబట్టి రాస్తున్నాను.

మా నాన్నకు శాలిబండలో భట్టీ ఉండేది. ఇనుప మూకుడులో ఇసుక కాచి, అందులో శనగలు, పల్లీలు, బఠానీలు, పేలాలు వేయించి అమ్మేవాడు. నాన్న పోయాక ఆ గద్దె మీద తమ్ముడు కూర్చున్నాడు. నేను డిగ్రీ చదివి ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, భట్టీకి రెండు గల్లీల అవతల కాపురం ఉంటున్నాను.

మా శనగలకు ఒక పద్ధతి ఉంది. వాము మరిగించిన ఉప్పునీళ్ళు చల్లి, తడి గోనె కింద రాత్రంతా నాననిచ్చి, పొద్దున ఇసుకలో ఒకసారి వేయిస్తారు. చల్లారాక మళ్ళీ వేయిస్తారు. కొరికితే ముందు ఉప్పు తగులుతుంది, బాగా నమిలాక ఎక్కడినుంచో వాము వస్తుంది. ఊళ్ళో ఎవరూ రెండోసారి వేయించరు. అంత కట్టెలు ఎవరు కాలుస్తారు?

ఇంకో అలవాటు కూడా ఉండేది. తూకం అయ్యాక, పొట్లం కట్టాక, నాన్న పిడికెడు శనగలు తీసి కొన్నవాళ్ళ అరచేతిలో పోసేవాడు. పొట్లంలో వేసేవాడు కాదు, అరచేతిలోనే పోసేవాడు. అది కొసరు. "మళ్ళ రా బిడ్డా" అనేవాడు. ఒకసారి ఒకామె తూకం తక్కువైందని బజారంతా వినేట్టు తిట్టిపోసింది. ఆమెకు రోజుకంటే పెద్ద పిడికిలి పోసి పంపాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంది బాపూ, గంత లొల్లి చేస్తే గామెకు కూడ కొసరా?"

"గందుకే బిడ్డా. చెయ్యి నిండితె నోరు మూతపడ్తది. ఇగ ఇటు రాదు."

తమ్ముడు అప్పుడు నా పక్కనే కూర్చొని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. వాడూ విన్నాడు.

వాడికి చిన్నప్పటినుంచి ఫిట్స్. ఒకసారి పెళ్ళి బరాత్‌లో డీజే లైట్లు టపటపా కొడుతుంటే, అందరి మధ్యా విరుచుకు పడిపోయాడు. మినుకు మినుకుమనే వెలుతురు పడదని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత వాణ్ణి ఏ బరాత్‌కూ తీసుకుపోలేదు. గోళీలు, అంటే మాత్రలు, తప్పకుండా వేసుకుంటే ఏళ్ళ తరబడి ఏమీ కాదు. నాలుగు రోజులు మానాడా, వస్తుంది. నిప్పు ముందు కూర్చునే మనిషికి ఇలాంటి రోగం. అందుకని కాలేజీకి పోతూ భట్టీ ముందు ఆగి, "గోళీ ఏస్కున్నవా? నోరు తెరువు" అనేదాన్ని. నెత్తి నెరుస్తున్న మొగవాణ్ణి గిరాకీల ముందు నోరు తెరవమంటావా అని ఇప్పుడు నన్ను నిలదీస్తారు. అవును, అన్నాను. వాడు పడితే పరుగెత్తుకొచ్చేది గిరాకీలా, నేనా?

ఇక సంబంధం సంగతి. మల్కాజిగిరి నుంచి వచ్చారు. పిల్ల నెమ్మదస్తురాలు, చూడగానే నాకు నచ్చింది. చాయ్ తాగుతున్నారు. అప్పుడు చెప్పాను, "మావోనికి ఫిట్స్ ఉన్నయి. గోళీలు ఏస్కుంటే ఏం గాదు" అని. కప్పులు కింద పెట్టారు. ఫోన్ చేస్తామన్నారు. చెప్పులేసుకున్నారు. తమ్ముడు ఖాళీ కప్పులు ఒక్కొక్కటే ఏరి ట్రేలో పెట్టాడు. నావైపు చూడలేదు.

చెప్పడం తప్పట. చెప్పకుండా పెళ్ళి చేసి, ఆ పిల్ల ముందు వాడు విరుచుకు పడితే? "రోగం దాచిపెట్టి గొంతు కోసింది ఆడబిడ్డ" అని ఇదే గల్లీ, ఇదే నోళ్ళతో అనేది. ఏది చేసినా నన్నే అనేవాళ్ళు, నేను నిజం చెప్పి అనిపించుకున్నాను.

మర్నాడు పొద్దున భట్టీ వెలగలేదు. వాడు లేడు. ఫోను గద్దె మీదే ఉంది. గోడకు వేలాడే నాన్న జల్లెడ లేదు. ఇసుక కిందికి రాల్చి శనగలు పైన నిలిపే జల్లెడ అది, అంచు అరిగి నాన్న చేతి ఒంపు తిరిగి ఉంటుంది. అందుకే అంటాను, అలిగి పోయేవాడు జల్లెడ పట్టుకొని పోతాడా? పని చేసుకొని బతకాలనుకున్నవాడే పట్టుకుపోతాడు.

"మరి గోళీలెందుకు ఇడిసిపెట్టిండు?" అంది పక్కింటావిడ.

గూట్లో గోళీల పట్టీలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను.

పోలీసులకు చెప్పాం. రాసుకున్నాయన, "చిన్న పిలగాడా అమ్మా? అక్క మీద అలిగిండు, వస్తడు తియ్యి" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ మోగిన ప్రతిసారీ, ఏ రోడ్డు మీదో, ఏ ఆస్పత్రి వరండాలోనో పడి ఉన్నాడన్న మాట వినబడుతుందనే అనుకునేదాన్ని. వంట చేస్తూ ఫోన్ మోగితే ముందు పొయ్యి ఆర్పి, గోడ పట్టుకొని నిలబడి, అప్పుడు ఎత్తేదాన్ని.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. తోటి మెకానిక్ రిటైరైతే నాంపల్లి దగ్గర ఒక బారులో దావత్ ఇచ్చారు. మా ఆయన తాగడు. చక్నా తింటాడు. మందుతోపాటు ఊరికే పెట్టే తిండిని చక్నా అంటారు. తాగకుండా చక్నా మాత్రం తినేవాణ్ణి బారులో తాగుబోతు కంటే హీనంగా చూస్తారట. ఈయనకు ఆ సిగ్గు కూడా లేదు. తిన్నది చాలక, టిష్యూ కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకొచ్చాడు. బట్టలు నానేద్దామని జేబు చూస్తే దొరికాయి. ఊరికే ఒకటి నోట్లో వేసుకున్నాను.

ముందు ఉప్పు. నమిలాక వాము.

"ఏ బారు?" అన్నాను.

"నేను తాగలేదే, నీ తోడు."

"తాగితె తాగినవ్, తాగకుంటె లేదు. ఏ బారయ్యా?"

మర్నాడు కాలేజీ నుంచి నేరుగా అక్కడికే పోయాను. ఎండలోంచి లోపలికి అడుగు పెడితే కాసేపు ఏమీ కనిపించలేదు. పులిసిన వాసన, దాని మీద ఫినాయిల్ వాసన. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్‌లో టపటపమంటున్నాయి. కళ్ళు అలవాటు పడ్డాక చూస్తే, ఉన్న మొగవాళ్ళందరూ తలలు వంచుకున్నారు. ఒకాయన గ్లాసు బల్ల కింద పెట్టాడు. ఒకాయన బాత్రూమ్ వైపు నడిచాడు. నేను ఎవరి పెళ్ళాన్నో తెలియక ప్రతివాడూ తన కోసమే వచ్చానని భయపడుతున్నాడు. వేరే రోజైతే కడుపు పట్టుకొని నవ్వేదాన్ని.

"క్యా హోనా అమ్మా?" అన్నాడు గల్లా దగ్గరి మనిషి. "మీ సారు పేరు చెప్పున్రి, పంపిస్త. లొల్లి మాత్రం బయట చేస్కోన్రి."

"మా సారు డిపోల ఉన్నడు. మీ చక్నా ఎవరు చేస్తరు?"

"చక్నానా?" మళ్ళీ అడిగాడు. "ఆర్డర్ లేకుంట చక్నా రాదమ్మా."

"అయితె సోడా తే."

సోడాతో ప్లేటు వచ్చింది. చక్రాల్లా కోసిన క్యారెట్, మెత్తబడిన పేలాలు, శనగలు. మా శనగలే. మింగలేక నోట్లోనే పెట్టుకొని అడిగాను. అతను చెప్పాడు, "జల్లెడ సంచిల ఏస్కొని తిరుగుతడు, ఆయననా? మంచిగ చేసెటోడు. ఇవి ఆయన ఏంచిపోయిన ఆఖరి డబ్బవి. అమీర్‌పేట్ దిక్కు పని దొరికిందన్నడు."

అలా మొదలైంది. సాయంత్రాలు కాలేజీ కాగానే అమీర్‌పేట్ బస్సెక్కేదాన్ని. మెట్లెక్కి పోయే బార్లు, మెట్లు దిగి పోయే బార్లు, ఫ్యామిలీ సెక్షన్ అని రాసి లోపల ఒక్క ఫ్యామిలీ కూడా లేని బార్లు. ప్రతిచోటా సోడా, ప్రతిచోటా శనగలు. ఒకచోట చెమ్మగిల్లినవి, ఒకచోట మసాలా పొడిలో పొర్లించిన ఫ్యాక్టరీ సరుకు, ఒకచోట ఉడకబెట్టి ఉల్లిగడ్డ చల్లినవి. నోట్లో వేసుకొని, నమిలి, వాము కోసం ఎదురుచూసి, రాకపోతే లేచి వచ్చేయడం. బస్సులో సోడా తేన్పులు, చేతిసంచిలో గోళీల పట్టీ. ఇంటికొస్తే మా ఆయన కంచం పెట్టి, "ఈరోజు?" అన్నట్టు చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

చివరికి ఒక బారులో మేనేజర్ గుర్తుపట్టాడు.

"పనోడు మంచోడే మేడమ్. కాని డ్యూటీల తాగి పడిపోయిండు. సింకు కాడ. నోట్ల నురగ. మా సేఠ్ తీసేయమన్నడు."

బల్ల అంచు పట్టుకున్నాను. నోరు మాత్రం ఆగలేదు. "తాగిండని ఎట్ల చెప్తవ్? వాసన చూసినవా?"

"బార్ల వాసన ఏడ తెలుస్తది మేడమ్? అందరి కాడ అదే వాసన."

"వాడు జిందగీల తాగలె. అవి ఫిట్స్. పడ్డోన్ని దవాఖానకు తీస్కపోకుంట బయట పారేసిన్రా?"

"పారేయలె. బయట కూసోబెట్టినం. నీళ్ళిచ్చినం. లేచినంక నేనే అడిగిన, తాగినవా భాయ్ అని." అతను ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "తాగిన అన్నడు."

ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారి చెప్పాడు. తాగిన అన్నాడట.

మందు ముట్టని నా తమ్ముడు, సింకు దగ్గర తడిసిన బట్టలతో, అంతమంది ముందు తాగుబోతునని ఒప్పుకున్నాడు. ఒక బారులో తాగి పడ్డవాడికి ఇంకో బారులో పని దొరుకుతుంది. ఫిట్స్ ఉన్నవాణ్ణి పొయ్యి దగ్గరికి ఎవరూ రానివ్వరు. అంత ఆలోచించుకొనే అబద్ధం చెప్పాడు. అలా ఆలోచించడం వాడికి ఎవరు నేర్పారని మా గల్లీ నావైపు వేలు చూపిస్తుంది. కప్పులు కింద పెట్టి లేచిపోయినవాళ్ళు నేర్పారు. నేను కాదు. ఈ మాట మా ఆయనతో అంటే ఆయన, "వాడు ఫిట్స్ అని చెప్తె నువ్వు గెలిచినట్టయితదనుకున్నడేమో" అన్నాడు. తాగని మొగుడు ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఇలాంటి మాట అంటాడు. నేను కంచం ముందునుంచి లేచిపోయాను.

ఆ మేనేజరే ఇంకో కబురు చెప్పాడు. పబ్బుల్లో ఇప్పుడు పాతబస్తీ చక్నా ఫ్యాషనట. మా తమ్ముణ్ణి ఎవరో గచ్చిబౌలి వైపు తీసుకుపోయారట.

పబ్బు అనగానే నా కళ్ళముందు కదిలింది ఆ బరాత్. టపటపా కొట్టే లైట్లు. గోళీ లేని మనిషి. మాదాపూర్, గచ్చిబౌలి పబ్బుల ముందు పగలు నిలబడితే వాచ్‌మన్లు సాయంత్రం రమ్మన్నారు, సాయంత్రం నిలబడితే జంటలకే ప్రవేశం అన్నారు. లోపలినుంచి దబదబా చప్పుడు గోడల్లోంచి వచ్చి పాదాలకు తగిలేది. ఆ చప్పుడులో ఒక మనిషి పడితే ఎవరికి వినబడుతుంది? నాట్యమాడుతున్నాడనుకుంటారు.

శనివారం మా ఆయన్ని వెంటబెట్టుకుపోయాను. వెలుతురు ఇంకా పోలేదు. గుమ్మం దగ్గర నల్ల సఫారీలు వేసుకున్న బౌన్సర్లు, ఆ మొగవాళ్ళ పక్కన అదే సఫారీలో ఒక అమ్మాయి, నా కంటే జానెడు ఎత్తు.

"సర్‌కు చెప్పులు నడవయ్ మేడమ్. షూస్ ఉండాలె."

"చెప్పులు నడవకుంటె ఇంకేం నడుస్తయ్ తల్లీ? డిపో నుంచి గా చెప్పుల మీదనే నడిచొచ్చిండు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "అక్కా, ఏడ మీది?"

"శాలిబండ."

"నాది కార్వాన్. గా నోరు ఇనంగనే మనోళ్ళే అనుకున్న." గొంతు తగ్గించింది. "గీడ మీ అసుంటోళ్ళకు ఏం పనక్కా?"

చెప్పాను. గోళీల పట్టీ చూపించాను. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, నా చేతికి కాగితపు పట్టీ కట్టి లోపలికి పంపింది. మా ఆయన గుమ్మం బయట నా టిఫిన్ సంచి పట్టుకొని, చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

లోపల ఎత్తు కుర్చీలు. ఎక్కితే నా కాళ్ళు నేలకు అందలేదు. కాటన్ చీర కట్టుకొని, ఆఫీసు బ్యాగు ఒళ్ళో పెట్టుకొని నేను, చుట్టూ మా కాలేజీ పిల్లల ఈడు వాళ్ళు. జనం ఇంకా నిండలేదు. లైట్లు సరిచూసుకుంటున్నారు కాబోలు, తెల్లటి వెలుగు ఆగి ఆగి కొడుతోంది. మనుషులు ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నారు. చెయ్యి ఒకచోట, మళ్ళీ చూస్తే ఇంకోచోట. ఏ రోగం లేని నేనే కాసేపు కళ్ళు మూసుకున్నాను.

వంటింట్లోకి పోతానంటే కుర్రవాడు ఒకడు ఇంగ్లీషులో కుదరదన్నాడు. ఇంగ్లీషులోనే పోట్లాడాను. చప్పుడులో వాడికి వినబడలేదు, నాకూ వినబడలేదు. సోడా చెప్పి కూర్చున్నాను. బార్ వెనక వంటింటికి ఒక చిన్న కిటికీ ఉంది. ప్లేట్లు అందులోంచే వస్తున్నాయి. లోపల పచ్చటి వెలుతురు, కదిలే చేతులు. ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

సోడా వచ్చింది. దానితో పేరు తెలియని కరకరలు ఏవో వచ్చాయి. అవి ముట్టుకోకముందే ఇంకో ప్లేటు తెచ్చి నా ముందు పెట్టారు. నేను చెప్పలేదు. చుట్టుపక్కల ఎవరి ముందూ అది లేదు. గిన్నెలో శనగలు, ఇంకా వేడిగా ఉన్నాయి. గిన్నె పక్కన, ప్లేటు మీద, విడిగా ఒక పిడికెడు.

కొసరు.

కుర్చీలోంచి దూకాను. ఎవరో చెయ్యి పట్టుకున్నారు, విడిపించుకున్నాను. వంటింటి తలుపు తోసుకుపోయాను. పొయ్యి మీద మూకుడు, మూకుడులో ఇసుక, ఇసుకలోంచి ఇంకా సెగ. పక్కన ఒక వంటమనిషి ఉల్లిగడ్డ కోస్తున్నాడు.

"ఏడి?"

"ఇప్పుడే బయటికి పోయిండు మేడమ్. తన సంచి తీస్కొని."

వెనక తలుపు తెరిచే ఉంది. బయట చెత్త డబ్బాలు, ఐసు కరిగిన నీళ్ళు, బండ్లు పెట్టే జాగా. బండి ఒకటి మలుపు తిరిగిపోతోంది. వాడో కాదో తెలియదు. పిలిచాను. చిన్నప్పుడు భట్టీ దగ్గర పిలిచినట్టు, గల్లీ ఈ చివరినుంచి ఆ చివరికి వినబడేట్టు పిలిచాను. లోపలి చప్పుడు నా పిలుపును మింగేసింది.

గోళీల పట్టీ కార్వాన్ అమ్మాయి చేతిలో పెట్టాను. "కాళ్ళు మొక్కుత బిడ్డా" అన్నాను. నేను ఎవరితోనూ అనని మాట అది. ఆ అమ్మాయి, "ఊకో అక్కా, గట్లనకు" అని తన రుమాలు ఇచ్చి, నా ఫోన్ నంబరు రాసుకుంది. మా ఆయన ఏమీ అడగకుండా సంచి నా భుజానికి తగిలించాడు.

తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సామాన్లు తీస్కపోనీకి వచ్చిండక్కా. గోళీలు ఇచ్చిన. జేబుల ఏస్కుండు."

"ఏమన్నడు?"

"మా అక్క ఇంకా లొల్లి చేస్తున్నదా అన్నడు."

"నవ్వుకుంట అన్నడా, కోపంగ అన్నడా?"

"ముఖం కనవడలె అక్కా. హెల్మెట్ పెట్టుకుండు."

ఆ పబ్బులో వాడు పని మానేశాడు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. ఆ పట్టీలో గోళీలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. కొత్త పట్టీ కొని చేతిసంచిలో పెట్టుకున్నాను. సాయంత్రాలు ఇప్పటికీ ఏదో ఒక బారు మెట్లు ఎక్కుతాను, సోడా చెబుతాను, శనగలు నోట్లో వేసుకొని వాము కోసం చూస్తాను. ఆ రోజు ప్లేటు మీది పిడికెడు మాత్రం నేను తినలేదు. బయటికొచ్చే ముందు ఆ ప్లేటు దగ్గరికి మళ్ళీ పోయి, నా రుమాల్లో కట్టి తెచ్చుకున్నాను. మెత్తబడిపోయాయి, పారేయబుద్ధి కాదు. నాన్న దగ్గర నాతో పాటు కూర్చొని రెండు రకాల కొసరూ చూసినవాడు వాడు. అందుకే గల్లీ వాళ్ళను కాదు, వాణ్ణే అడుగుతున్నాను. ఇది ఎక్కడైనా, ఎవరైనా చదివి వినిపిస్తే చాలు.

ఒరేయ్, ఆ పిడికెడు శనగలు మళ్ళ రా అక్కా అని పోసినవా, ఇగ రాకు అని పోసినవా?